పల్లవిలో లయరచన: చిత్తూరు సుబ్రహ్మణ్యం పిళ్ళై

లయ విద్వాంసుల చరిత్ర రాయబూనినవారు సాధారణంగా మృదంగం దగ్గర మొదలుపెడతారు. దక్షిణ రాయలసీమకు ఆ పద్ధతి చాలదు. ఈ సీమ నుంచి వెళ్ళి లయజ్ఞానంతో కచేరీ వేదికను శాసించిన విద్వాంసుడు ఒక గాయకుడు. చిత్తూరు సుబ్రహ్మణ్యం పిళ్ళై (1898–1975) పేరు చెప్పగానే నేటి శ్రోతకు గుర్తొచ్చేది ఆనందభైరవిలోని ‘మధురానగరిలో’ ఒక్కటే. ఆయన్ని ముందుగా లయరచయితగా చూడాలనీ, ఆ రచనకు అసలు చోటు పల్లవి అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఆయన పుంగనూరులో పుట్టారు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. అది 1911లో ఏర్పడింది. తెలుగూ తమిళమూ కలిసి నడిచే ఆ నేల నుంచి సంగీతం కోసం కాంచీపురం వెళ్ళడం సహజమైన సంగతే. అక్కడ ఆయనకు దొరికిన గురువు కాంచీపురం నయనా పిళ్ళై (1889–1934). శిష్యుడి జీవితాన్ని నిర్ణయించింది ఆ గురుకులవాసమే.

నయనా పిళ్ళై కచేరీని ఆ రోజుల్లో ‘ఫుల్ బెంచ్’ అనేవారు. వయొలిన్, మృదంగం సరే; వాటితోపాటు కంజీర, ఘటం, మోర్సింగ్, డోలక్, నోటితో జతులు పలికే కొన్నక్కోల్ కూడా వేదికపై ఉండేవి. పుదుక్కోట దక్షిణామూర్తి పిళ్ళై వంటి దిగ్గజాలు పక్కన కూర్చునేవారు. అందరూ లెక్కలో ఆరితేరినవారే. వాళ్ళ మధ్య గాయకుడు ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా దాచుకోవడానికి వీలుండదు. లయవాద్యం పాటకు తోడు మాత్రమే అనే భావన ఆ వేదికపై చెల్లలేదు; గాయకుడూ లయ విద్వాంసుల్లో ఒకడై నిలబడాలి. సుబ్రహ్మణ్యం పిళ్ళై శిక్షణ పొందిన బడి అది.

ఆ బడి నేర్పినది తేలేది పల్లవిలోనే, అంటే రాగం, తానం తర్వాత ఒక సాహిత్య పాదాన్ని లెక్కలతో విస్తరించే చోట. అక్కడ జరిగే పని ఏమిటో కాస్త దగ్గరగా చూద్దాం. రెండు కళల ఆదితాళంలో ఒక ఆవర్తానికి 16 క్రియలు. క్రియకు నాలుగు చొప్పున 64 మాత్రలు. ఒక ఆవర్తమంతా పరుచుకున్న పల్లవిని రెండో కాలంలో పాడితే అదే ఆవర్తంలో రెండుసార్లు వస్తుంది. సగం వేగానికి దించితే రెండు ఆవర్తాలు పడుతుంది. తిశ్రంలో, క్రియకు ఆరు మాత్రల లెక్కన పాడితే, రెండు ఆవర్తాల్లో మూడుసార్లు వచ్చి మళ్ళీ తన ఎడుపుకే, అంటే ఎత్తుకున్న చోటికే, చేరుతుంది. ఎడుపు సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, ఉంటే ఇది సాధనతో పట్టుబడే విషయమే. సమం దాటి ఒకటిన్నర క్రియ తర్వాత ఎత్తుకున్నామనుకోండి, కథ మారిపోతుంది. చేయి తాళం తప్పకూడదు, సాహిత్యం విరగకూడదు, పల్లవి మధ్యలో ఆగే అరుది తన చోటునే పడాలి, రాగభావం చెడకూడదు. ఆపైన స్వరకల్పన. గాయకుడు వేసిన లెక్కను మృదంగం అందుకుని జవాబు చెబుతుంది. కాగితం లేకుండా, సభ ఎదుట, అప్పటికప్పుడు సాగే ఈ కట్టడాన్ని రచన అనకపోతే మరేమనాలి? కృతి కట్టినవారినే వాగ్గేయకారుల పట్టికలో చేర్చే మన అలవాటు పల్లవి విద్వాంసులకు అన్యాయం చేసిందని నా నిశ్చితాభిప్రాయం.

ఆ అన్యాయంలో గ్రామఫోను పాత్ర పెద్దది. 78 వేగపు రికార్డులో ఒక పక్కకు పట్టేది సుమారు మూడున్నర నిమిషాలు. అందులో ‘మధురానగరిలో’ ఒదిగింది. కచేరీ పట్టికల్లో ఆ పాటకు కర్తగా ఆయన పేరే వేస్తుంటారు. కానీ గంటసేపు విస్తరించే రాగం తానం పల్లవి ఆ పక్కలో ఇమడదు. అందుకే ఇంటింటికీ చేరిన సుబ్రహ్మణ్యం పిళ్ళై ఒకరు, సభల్లో విద్వాంసులు ఎరిగిన సుబ్రహ్మణ్యం పిళ్ళై మరొకరు. 1954లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదుతో గౌరవించింది ఈ రెండో ఆయన్ని.

బోధకుడిగా ఆయన కళాక్షేత్రంలోనూ, అణ్ణామలై విశ్వవిద్యాలయంలోనూ, తిరుపతి శ్రీ వేంకటేశ్వర సంగీత కళాశాలలోనూ పనిచేశారు. ఆయన లయవిద్యను జనంలోకి తీసుకెళ్ళిన శిష్యుడు మధురై సోము (1919–1989). సోము గంటల తరబడి పాడేవారు. చుట్టూ లయవాద్యాలను నిండుగా కూర్చోబెట్టుకునేవారు. తమిళనాట సోము కచేరీలు విన్నవారు కాంచీపురం ఫుల్ బెంచ్ పద్ధతినే, చిత్తూరు మీదుగా వచ్చిన రూపంలో విన్నారన్నమాట. సోము మీద తమిళంలో శ్రద్ధగా రాశారు. గురువు మన సీమవాడైనా తెలుగు వ్యాసాల్లో ఆయనకు దక్కింది రెండు మూడు వాక్యాలే.

1959లో తిరుమల తిరుపతి దేవస్థానం స్థాపించిన ఆ తిరుపతి కళాశాలలో నేటికీ గాత్రం, మృదంగం పక్కపక్కనే నేర్పుతున్నారు. ఆ రెండు తరగతులనూ పల్లవి దగ్గర కలిపి కూర్చోబెట్టడం కష్టమేమీ కాదు. పుంగనూరు, చిత్తూరు, మదనపల్లె ఇళ్ళలో సుబ్రహ్మణ్యం పిళ్ళై విద్యార్థులు రాసుకున్న పల్లవి నోట్సులు గానీ, టేపులు గానీ ఉంటే, వాటి ప్రతులను తిరుపతి కళాశాల గ్రంథాలయానికి చేర్చవలసిందిగా ఈ ప్రాంత పాఠకులను కోరుతున్నాను.