గుండ్లకమ్మ యొడ్డున ఉజ్జీవము

1878వ సంవత్సరము జూలై 3వ తేదీన, ఒంగోలునకు ఉత్తరముగా నున్న వెల్లంపల్లి యొద్ద, గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. తెలుగు క్రైస్తవులలో ఈ సంఖ్య విననివారు అరుదు. ఉపదేశకులు ఇద్దరేసి నీటిలో దిగి, వారు అలసినపుడు వేరిద్దరు దిగుచు, ఉదయము మొదలుకొని నడిమధ్యాహ్నము కొంత విశ్రమించి సాయంకాలము వరకు ఆ కార్యమును నిర్వహించిరనియు, అమెరికను బాప్టిస్టు మిషనరీయైన జాన్ క్లౌ దొర ఆ దినమున తాను స్వయముగా ఎవరికిని బాప్తిస్మ మీయలేదనియు మిషను వృత్తాంతములవలన తెలియుచున్నది. ఆ దినముతో కూడిన మూడు దినములలో మొత్తము 3,536 మంది బాప్తిస్మము పొందిరి. ఈ లెక్క చెప్పి పెంతెకొస్తు దినమును స్మరింపజేయుట మన ప్రసంగీకులకు పరిపాటి. నాకు మాత్రము ఆ దినములకంటె వాటికి ముందు గడచిన పదునైదు నెలలే మిక్కిలి విలువగలవిగా తోచుచున్నవి.

ధాత, ఈశ్వర నామ సంవత్సరముల క్షామము దక్షిణదేశమును దహించుచున్న ఆ కాలమున, బెజవాడ మద్రాసుల నడుమ బకింగ్‌హాము కాలువ త్రవ్వకమును ప్రభుత్వము కరువుపనిగా సాగించుచుండగా, క్లౌ దొర అందులో మూడున్నర మైళ్ళ భాగమును గుత్తకు పుచ్చుకొని ఆకలిగొన్న పల్లెలవారికి పని కల్పించెను. మిషను ఉపదేశకులే అక్కడ మేస్త్రీలైరి. పని విరామమున వారు చెప్పిన సువార్తను విన్న కూలివాండ్రు తమకు బాప్తిస్మ మిమ్మని గుంపులు గుంపులుగా వచ్చిరి. దొర ఈయలేదు. గంజికొరకు వచ్చినవాడెవడో, దేవునికొరకు వచ్చినవాడెవడో కరువునాట తేల్చుట ఎవరి తరము? 1877 మార్చి మొదలుకొని బాప్తిస్మములను నిలిపివేసి, కాలువపని ముగిసి, ఇక మిషనునుండి కూలి గాని ధర్మము గాని దొరకదని స్పష్టముగా చెప్పిన పిమ్మటను ఆ జనులు మరలిపోకుండుట చూచిన తరువాతనే, 1878 జూన్‌లో ఆయన వారిని చేర్చుకొనుటకు సమ్మతించెను. సంఖ్యలకై ఉవ్విళ్ళూరుట మతసంఘములకు సహజదోషము. దాదాపు ముప్పది సంవత్సరములు ఫలము అంతగా కానరాక, మూసివేయుదమా యని 1853లోను 1862లోను స్వదేశమున చర్చకు గురియైన మిషను, వేలమంది వాకిట నిలిచినపుడు తలుపు తెరువకుండుట సామాన్యమైన నిగ్రహము కాదు.

ఆ మిషను పూర్వచరిత్ర సంక్షేపముగా చెప్పదగినదే. శామ్యూల్ డే 1836లో తెలుగుదేశమునకు వచ్చి, 1840లో నెల్లూరున స్థిరపడెను. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున అదే మిషనువారైన జూవెట్ దంపతులును ముగ్గురు తెలుగు క్రైస్తవులును ఒంగోలు కొండపై మోకరించి ఆ సీమకొరకు ప్రార్థించిరి. 1866లో క్లౌ ఒంగోలు చేరెను. మరుసటి సంవత్సరాదిని ఎనిమిదిమందితో అక్కడ సంఘ మేర్పడెను.

అప్పుడే తొలి పరీక్ష ఎదురయ్యెను. ఒంగోలు బ్రాహ్మణులు దొర బడిని ఆదరించుచుండిరి. అంతలో తాళ్ళకొండపాడు వాసియు, తోళ్ళ వ్యాపారియు, యోగమార్గమున చిరకాలము సత్యమును వెదకినవాడునైన యెర్రగుంట్ల పేరయ్య క్రైస్తవుడై, తనవారైన మాదిగలను వెంటబెట్టుకొని వచ్చుచుండెను. వీరిని చేర్చుకొనినచో మా పిల్లలు బడికి రారని పట్టణపు పెద్దలు తెలిపిరి. దొరయు ఆయన భార్యయు వేర్వేరు గదులలో బైబిలు తెరువగా ఇద్దరికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని మొదటి అధ్యాయమే కంటబడెననియు, లోకమున నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకొనెనని చెప్పు ఆ భాగమే వారి సందేహమును తీర్చెననియు క్లౌ చెప్పుకొనెను. అగ్రవర్ణముల ఆదరము నాటితో సన్నగిల్లెను. అది దొర చెల్లించిన వెల.

మాదిగలు చెల్లించినది అంతకంటె మిక్కుటము. క్రొత్తగా చేరువారికి దొర పెట్టిన నియమములు మూడే: ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకు స్వల్పములు. కాని చెప్పులు కుట్టి, కపిలకు తోలు బాన కట్టి, అమ్మవారి కొలువులలో డప్పు వాయించి, వెట్టి చేసి, అందులకు బదులుగా కళ్ళములో మేరయు చచ్చిన గొడ్డును పొందుటయే జీవనాధారమైనవారికి ఈ మూడింటిలో ప్రతియొకటియు తమ కూటికుండమీది దెబ్బయే. కోతల కాలమున ఆదివారము పొలమునకు పోననిన రెడ్డికి కోపము. జాతరలో డప్పు పట్టననిన ఊరికెల్ల కోపము, ఏలయన అమ్మవారికి ఆగ్రహము కలిగినచో విషూచి ఊరందరికిని వచ్చునని వారి భయము. ఆ భయమును మనము పరిహసింపరాదు. అయినను దాని ఫలము మాత్రము క్రూరముగానే ఉండెను: పనులు మానిపించిరి, నీళ్ళు తోడుకొను చోటికి రానీయరైరి, కరణముల సాయముతో దొంగనేరములు మోపి కొందరిని ఠాణాల పాలుచేసిరి. పేరులు గ్రంథముల కెక్కని ఈ జనులు దెబ్బలు తిని, పస్తులుండి, మరల ఆదివారము చెట్టుక్రింద కూడిరి. ఉజ్జీవమునకు సాక్ష్యము కావలసినవారు నదికి పోనక్కరలేదు, ఈ పల్లెలకు పోవలెను.

తరువాతి కథయంతయు మహోజ్జ్వలమని చెప్పజాలను. కొలది యేండ్లలోనే ఇరువదివేలకు మించి ప్రపంచమున పెద్ద బాప్టిస్టు సంఘమని పేరుపొందిన ఒంగోలు సంఘమునకు, అంతమందికి అక్షరములు నేర్పు ఉపాధ్యాయులు లేకుండిరి. రామాయపట్టణపు వేదపాఠశాల ఎంతమందిని తయారు చేసినను చాలలేదు. చదువురాని విశ్వాసులు పాత దేవతలకడకు చాటుగా పోవుటయు కలదు. వారిని నిందించుటకు ముందు బోధకుని ముఖము ఏడాదికొకసారి చూచు పల్లె సంగతి తలపవలెను.

క్రైస్తవులైనందుకు మాదిగలు చెల్లించు వెల నేటికిని తీరలేదు. 1950లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వుననుసరించి, క్రైస్తవుడైన మాదిగ షెడ్యూల్డు కులమువాడుగా పరిగణింపబడడు. గుండ్లకమ్మలో దిగినవారి మునిమనుమలు ఆంధ్రప్రదేశమున వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గమువారై, ఒక్క శాతము రిజర్వేషను పొందుచున్నారు.