జాలహళ్ళి నుంచి వచ్చిన చేతి కంప్యూటరు

మన తెలుగువారు ఈ బెంగుళూరు నగరానికి వలస వచ్చిన కారణాలు అనేకం. పేటలో వర్తకం కొరకు తాతలనాడే వచ్చినవారున్నారు. మగ్గం పని వెతుక్కుంటూ వచ్చినవారున్నారు. రైలు ఉద్యోగంలో బదిలీ అయి వచ్చి, ఇక్కడి చల్లదనానికి అలవాటుపడి మళ్ళీ కదలని నాబోటివారూ ఉన్నారు. కాని స్వాతంత్ర్యం తరువాత మనవారిని కుటుంబాలతో సహా ఈ ఊరికి రప్పించినవి పెద్ద పెద్ద ప్రభుత్వ కర్మాగారాలు. 1948లో టెలిఫోను ఫ్యాక్టరీ, 1953లో హెచ్.ఎం.టి., 1954లో జాలహళ్ళిలో భారత్ ఎలక్ట్రానిక్సు స్థాపించబడినవి. ఈ సంచిక చదివే ఇళ్ళలో ఆ మూడింటిలో ఏదో ఒక దాని పేరు వినని ఇల్లు ఉండదనుకుంటాను.

ఆ జాలహళ్ళి ఫ్యాక్టరీ ప్రధానంగా సైన్యానికి కావలసిన రేడియోలు, రాడార్లు చేస్తుంది. అయితే చదువురాని సామాన్యుడి చేతికోసం చేసిన యంత్రాలు కూడ అక్కడినుంచి రెండు వచ్చినవి. ఒకటి మనమందరం వేలితో నొక్కిన వోటింగు యంత్రం. రెండవదాని పేరు సింప్యూటరు. దానిని కళ్ళతో చూచినవారు మనలో బహు కొద్దిమంది. నేను వ్రాయబూనినది ఈ రెండవదాని చరిత్ర.

1998 అక్టోబరులో బెంగుళూరులో కంప్యూటర్ల ప్రదర్శన జరిగినప్పుడు, దానితోపాటు వెనుకబడిన దేశాలకు ఈ విద్య ఎట్లా ఉపయోగపడుతుందని ఒక అంతర్జాతీయ సదస్సు కూడ జరిగినది. అప్పటికి మన ఊరు సాఫ్టువేరుకు ప్రపంచంలో పేరు తెచ్చుకున్నది. కాని ఆ సాఫ్టువేరంతా పరదేశాలవారి బ్యాంకులకు, కంపెనీలకు వ్రాసిపెట్టేదే. మన పల్లెటూరి రైతుకు, కూలికి దానివల్ల ఒరిగినదేమిటి? ఈ ప్రశ్న సదస్సుతో ముగిసిపోకుండ కొందరు తలకెక్కించుకున్నారు. వారిలో నలుగురు యశ్వంతపురం స్టేషనుకు కూతవేటు దూరంలో ఉన్న టాటా ఇన్‌స్టిట్యూట్‌లో, అనగా ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో, ఆచార్యులు: స్వామి మనోహర్, విజయ్ చంద్రు, రమేశ్ హరిహరన్, వి. వినయ్. తక్కిన ముగ్గురు ఎన్‌కోర్ సాఫ్టువేరు అనే స్థానిక కంపెనీకి చెందిన వినయ్ దేశ్‌పాండే, శశాంక్ గర్గ్, మార్క్ మథియాస్. ఈ ఏడుగురు కలిసి 1999లో లాభాపేక్ష లేని ఒక ట్రస్టును ఏర్పాటు చేసుకున్నారు.

వారు ఎంచుకున్న దారి సులభమైనది కాదు. అమెరికాలో ఆపిల్ కంపెనీ అంతటిది 1993లో న్యూటన్ అనే చేతి కంప్యూటరును మార్కెట్టులో పెట్టి, అయిదేళ్ళు అవస్థపడి, 1998లోనే చేతులెత్తేసినది. సరిగ్గా ఆ ఏడే మనవారు ఆ పనికి పూనుకున్నారు. అదీ అమెరికా ధనవంతుడి జేబుకోసం కాదు, మన పంచాయతీ అరుగుకోసం.

2001 ఏప్రిలు 25వ తేదీన సింప్యూటరు నమూనాను లోకానికి చూపించినారు. సులభమైనది, చవకైనది, పలుభాషలు తెలిసినది అనే అర్థం వచ్చేట్టు ఇంగ్లీషు మాటలను కూర్చి ఆ పేరు పెట్టినారు. అరచేతిలో ఇమిడే పెట్టె, ముందువైపు వ్రేలితోనో పుల్లతోనో తాకితే పనిచేసే తెర. టైపు చేసే మీటలు లేవు. చిన్న బ్యాటరీలతో నడుస్తుంది, కనుక కరెంటు లేని ఊళ్ళో కూడ పని ఆగదు. లోపల ఇంటెల్ వారి స్ట్రాంగ్‌ఆర్మ్ చిప్పు. దానిని నడిపించేది ఎవరికీ రుసుము కట్టనక్కరలేని లైనక్సు.

ఇవి ఇంజనీర్ల సంగతులు. నాకు మాత్రం ఆ యంత్రంలో రెండు ఆలోచనలు మిక్కిలి గొప్పవిగా తోచినవి. మొదటిది స్మార్టు కార్డు. తొమ్మిదివేల రూపాయల యంత్రాన్ని కూలివాడు కొనలేడని చేసినవారికి తెలుసు. అందుచేత యంత్రం ఊరుమ్మడిదిగా ఉండాలనీ, పంచాయతీయో, బడియో, కొట్టువాడో దానిని కొని అద్దెకిచ్చినా ఫరవాలేదనీ, ఎవరి వివరాలు వారి కార్డులో ఉండాలనీ ఏర్పాటు చేసినారు. కార్డు గుచ్చితే యంత్రం నీది, తీస్తే మరొకరిది. ఊరబావి ఒకటే అయినా ఎవరి చేద వారు తెచ్చుకున్నట్లన్నమాట.

రెండవది, యంత్రం మాట్లాడుతుంది. తెరమీది అక్షరాలను హిందీ, కన్నడం మొదలైన మన భాషలలో పైకి చదివి వినిపించే పద్ధతిని రమేశ్ హరిహరన్ గారు తయారుచేసినారు. దానికి ధ్వని అని పేరు. ఇంగ్లీషులో ఒక అక్షరానికి నాలుగు పలుకులుంటవి, కొన్నింటికి పలుకే ఉండదు. మన భాషలలో వ్రాసినది వ్రాసినట్లే చాలవరకు చదువుతాము గనుక, చిన్న యంత్రానికి కూడ ఆ పని నేర్పడానికి వీలైనది. తరువాత ఇతరులు ఆ ధ్వనిని తెలుగుతో సహా పలు భాషలకు విస్తరింపజేసినారు. మనం చిన్నప్పుడు గుణింతాలు వల్లించినది ఇట్లా కూడ అక్కరకు వచ్చినది చూడండి!

ఈ ఆలోచన విలువ ఎంతటిదో కౌంటరు ఇవతల కూర్చున్న మాకు బాగా తెలుసు. కదిరి నుంచి, హిందూపురం నుంచి కట్టడం పనులకు వచ్చినవారు ఫారము చేతబట్టుకొని వరుసలో నిలబడతారు. వంతు వచ్చేసరికి, "అయ్యా, కాస్త రాసిపెట్టు సామీ" అంటారు. ఇక్కడి బోర్డు కన్నడంలో, ఫారము హిందీ ఇంగ్లీషులలో. వారికి వచ్చిన ఒక్క భాష నోటిలోనే ఉన్నది, కాగితంమీద లేదు. లెక్కలో వారు మనకంటె గట్టివారు. ఎంత అయినదని ఒకసారి పైకి చెబితే చాలు, చిల్లరతో సహా సరిచూచుకుంటారు. కావలసినది చెప్పే నోరొకటే. సింప్యూటరు చేసినవారు ఈ మనిషిని సరిగా చూచినారు.

వారు చేసిన మరొక వింత పని ఏమంటే, యంత్రం రహస్యాలను దాచుకోలేదు. దాని నిర్మాణ వివరాలను బయటపెట్టి, రుసుము చెల్లించి ఎవరైనా తయారుచేసి అమ్ముకోవచ్చునన్నారు. అప్పటికి సాఫ్టువేరులో ఇటువంటి ఉదారత ఉన్నది గాని, చేతితో పట్టుకొనే సరుకులో అరుదు.

2001 డిసెంబరులో న్యూయార్క్ టైమ్సు పత్రికవారు ఆ యేటి కొత్త ఊహలను ఏర్చి ప్రకటించినప్పుడు, అమెరికన్ రచయిత బ్రూస్ స్టెర్లింగ్ ఆపిల్, మైక్రోసాఫ్టు వారి ఆ యేటి సరుకులకంటె మన సింప్యూటరునే పైమెట్టున నిలబెట్టినాడు. పెళ్ళికి ముందే సంబరాలు జరిగిన ఇల్లువలె అయినది. ఎందుకంటే అప్పటికి బజారులో ఆ యంత్రం లేనే లేదు.

కష్టాలు అక్కడనుంచి ఆరంభమైనవి. తొమ్మిదివేలకు అమ్మాలంటే లక్షల సంఖ్యలో తయారు చేయాలి. చిప్పులు, తెరలు పరదేశంనుంచి రావలసినవి. వేలల్లో కొనేవానికి ఒక ధర, లక్షల్లో కొనేవానికి మరొక ధర. లక్షల్లో ఆర్డరు రావాలంటే ముందు ధర తగ్గాలి. ధర తగ్గాలంటే ఆర్డరు రావాలి. పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదన్న సామెత దీనికి సరిగా సరిపోతుంది. సాఫ్టువేరు ఎగుమతికి పెట్టుబడి పెట్టేవారు ఈ ఊళ్ళో దొరికినారు గాని, పల్లెటూరికి సరుకు చేస్తామంటే డబ్బు సంచీ విప్పేవారు అరుదైనారు.

నలుగురు ఆచార్యులు పికోపేటా అనే కంపెనీని పెట్టినారు. ఎన్‌కోర్ వారు వేరుగా తమ సింప్యూటరును తయారుచేసినారు. చివరకు 2004 వేసవి ఆరంభంలో పికోపేటావారు భారత్ ఎలక్ట్రానిక్సుతో కలిసి అమిడా అనే పేరుతో దానిని బజారులోకి తెచ్చినారు. రంగులు లేని తెర ఉన్నది సుమారు పదివేల రూపాయలు, రంగుల తెర ఉన్నది దాదాపు ఇరవైవేలు. అందులో ఒక చమత్కారం కలదు. యంత్రాన్ని చేతిలో అటూ ఇటూ ఆడిస్తే ఆ కదలికను గ్రహించి పేజీ తిప్పేది. ఆ మాదిరి కదలికను కనిపెట్టే పరికరంతో ఆపిల్ వారి ఐఫోను 2007లో వచ్చినప్పుడు లోకమంతా నోరు తెరిచినది. మూడేళ్ళ ముందే జాలహళ్ళిలో అటువంటిది తయారైనదని ఎందరికి తెలుసు?

అయినా సరుకు కదలలేదు. యాభైవేలు అమ్ముడవుతవని ఆశించినచోట 2005 వసంతం వరకు గడిచిన ఏడాదిలో సుమారు నాలుగువేలు మాత్రమే పోయినవి. వాటిలో పల్లెలకు చేరినది స్వల్పం. కొన్నవారు కొన్ని మంచి పనులకే వాడినారు. కర్ణాటక ప్రభుత్వం భూమి రికార్డుల పనిలోను, ఛత్తీస్‌గఢ్‌లో బడిపిల్లల చదువులోను, మైసూరు ప్రాంతంలో చిన్న అప్పుల లెక్కలలోను, గోవాలో ఇనుప ఖనిజం గనినుంచి ఓడదాకా పోయే లెక్కలోను అది పనిచేసినది. తెచ్చిన పేరుకు ఇది సరితూగే లెక్క కాదు.

ఇక్కడ జాలహళ్ళివారి మొదటి యంత్రాన్ని జ్ఞాపకం చేసుకోవాలి. వోటింగు యంత్రం కూడ చదువురానివారి కోసమే పుట్టినది. గుర్తు చూచి, మీట నొక్కి, కూత వింటే వోటు పడినట్లు. మన హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్., ఇక్కడి భారత్ ఎలక్ట్రానిక్సు రెండూ దానిని చేసినవి. పెట్టెకు ఆ రూపం దిద్దినవారు బొంబాయి ఐ.ఐ.టి. ఆచార్యులు ఎ.జి. రావు, రవి పూవయ్య. అదేమీ పువ్వుల బాటన రాలేదు. 1982లో కేరళలోని పరవూరులో యాభై పోలింగు కేంద్రాలలో దానిని వాడితే, చట్టంలో అట్టి ఏర్పాటు లేదని 1984లో సుప్రీంకోర్టు చెప్పినది. 1988లో చట్టం సవరించినారు. లక్షన్నర యంత్రాలు తయారై కూడ, పార్టీలకు అంగీకారం కుదరక ఏళ్ళతరబడి అట్లే పడివున్నవి. 1998లో పదహారు శాసనసభా స్థానాలలో వాడినారు. 2004 లోక్‌సభ ఎన్నికలలో దేశమంతటా పదిలక్షలకు పైగా యంత్రాలు వాడుకలోకి వచ్చినవి. అమిడా బజారుకు వచ్చినది కూడ ఆ వేసవిలోనే!

ఒకే ఫ్యాక్టరీ, ఒకే మాదిరి మనుషుల కోసం చేసిన రెండు యంత్రాలు. ఒకటి ఇరవైరెండేళ్ళు వెయిటింగు రూములో కూర్చున్నా చివరకు బండి ఎక్కినది, ఎందుకంటే ఎన్నికల సంఘం అనే కొనుగోలుదారు దానికి ఉన్నాడు. సింప్యూటరుకు అట్టి ఆసామి దొరకలేదు. పల్లెకు పల్లె చొప్పున ప్రభుత్వాలు కొని పంచివుంటే కథ వేరుగా ఉండేదని నా అభిప్రాయం. పంచాయతీ అవసరాన్ని పంచాయతీ చేత కొనిపించగల శక్తి ఏడుగురు మేధావులకు, రెండు చిన్న కంపెనీలకు ఎక్కడిది?

ఈలోగా సెల్‌ఫోను వచ్చి పడినది. 2001 మార్చిలో మన దేశమంతటా సెల్‌ఫోను చందాదారులు ముప్ఫైఆరు లక్షలు. 2005 మార్చి నాటికి అయిదు కోట్లు దాటినారు. 2003లో రిలయన్సువారు అయిదువందల ఒక్క రూపాయి మొదట కట్టించుకొని చేతిలో ఫోను పెట్టినారు. ఆ ఫోను సింప్యూటరు చేసే పనులలో పదోవంతు చేయదు. కాని బళ్ళారిలో ఉన్న కొడుకుతో కర్నూలులో ఉన్న తల్లి మాట్లాడుతుంది. తల్లికి కావలసిన మొదటి పని అదే. ఈ ఒక్క విషయంలో మాత్రం మన మేధావుల అంచనా తప్పినదనక తప్పదు. పల్లెవాడికి సమాచారం ముందు కావాలనుకున్నారు, వాడికి అయినవారి గొంతు ముందు కావలసివచ్చినది.

ఆ తరువాతి సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎన్‌కోర్ వారు 2005లో మొబిలిస్ అనే మరొక యంత్రాన్ని పదిహేనువేల ప్రాంతంలో తెచ్చినారు, అదీ నిలవలేదు. పికోపేటాను బొంబాయిలోని జియోడెసిక్ అనే కంపెనీ కొనివేసినది. విచిత్రమేమంటే అదే నలుగురు ఆచార్యులు 2000లో జన్యుశాస్త్రానికి కంప్యూటరు లెక్కలు జోడించే స్ట్రాండ్ అనే మరొక కంపెనీ పెట్టినారు. అది నిలదొక్కుకొని, 2021లో రిలయన్సువారు అందులో అధిక వాటా కొనేదాకా పెరిగినది.

ఇక ఊరుమ్మడి యంత్రం, ఎవరి కార్డు వారిది అన్న ఆలోచన ఏమైనది? 2006లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముసలివారి పింఛన్లకు, ఉపాధి హామీ కూలికి స్మార్టు కార్డుల పథకం ఆరంభించినది. వేలిముద్ర పడిన కార్డు కూలివానిది, చేతియంత్రం ఊళ్ళో డబ్బు పంచే మనిషిది. మండల కేంద్రంలో పడిగాపులు పడకుండ ఊళ్ళోనే డబ్బు ముట్టేది. ఆ యంత్రాలు సింప్యూటర్లు కావు, వాటిమీద ఈ ఏడుగురి పేర్లు ఎక్కడా లేవు. డబ్బు ఇచ్చేటప్పుడు యంత్రంనుంచి రశీదు వచ్చేది. రశీదు చదవలేనివారి కోసం కొన్నిచోట్ల అదే యంత్రం, ఎంత ఇచ్చినదీ తెలుగులో పైకి చెప్పేది.