కంభం చెరువు, కంభం ఊరు

కంభం నల్లమల కొండలకు తూర్పున, గుండ్లకమ్మ లోయలో ఉన్న చిన్న పట్టణం, మండల కేంద్రం. గుంటూరు–నంద్యాల రైలు మార్గంలో మార్కాపురం, గిద్దలూరుల నడుమ వస్తుంది. తమిళనాడు తేని జిల్లాలోని కంబం వేరు, ఇది వేరు. తెలుగునాట ఈ ఊరిని తలచుకునేది చెరువుతోనే. సుమారు 7 కిలోమీటర్ల పొడవు, సగటున మూడున్నర కిలోమీటర్ల వెడల్పు ఉన్న ఈ జలాశయాన్ని ఆసియాలో మనుషులు కట్టిన పాత చెరువుల్లో పెద్దవాటిలో ఒకటిగా చెబుతారు. కంభం చరిత్రను రాజవంశాల వరుసలో చెప్పవచ్చు. అయితే ఈ నేల మీద బతికినవారికి ఏలిన దొర ఎవరన్నదానికంటే ఈ ఏడు చెరువు నిండిందా, అలుగు పారిందా అన్నదే ఎప్పుడూ పెద్ద సంగతి. ఈ వ్యాసం కూడా అదే దారిన నడుస్తుంది.

నేల తీరు

పడమట నల్లమల, తూర్పున వెలిగొండలు. రెండింటి మధ్య ఉత్తర దక్షిణాలుగా సాగే లోయలో కంభం ఉంది. భూగర్భ శాస్త్రవేత్తలకు ఈ ఊరి పేరు మరో విధంగా పరిచయం. కడప శిలా మండలంలో నల్లమల వర్గానికి చెందిన ఒక రాతి శ్రేణిని వారు కంభం పేరుతోనే పిలుస్తారు. అందులో ఎక్కువ భాగం పొరలు పొరలుగా విడిపోయే మెత్తని రాయి. పొరుగున మార్కాపురంలో తవ్వి తీసే పలకరాయి ఈ రాతి కుటుంబానిదే. తెలుగు పిల్లలు తరతరాలుగా ‘అ ఆ’లు దిద్దిన నల్ల పలకలు ఆ గనుల నుంచే వచ్చాయి. మెత్తని రాయి అరిగిపోయిన చోట లోయలు ఏర్పడ్డాయి. గట్టి రాయి గుట్టల వరుసలుగా మిగిలింది. ఆ వరుసను నది కోసుకుని వెళ్లిన చోట ఇరుకైన సందు పడింది. కంభం చెరువు పుట్టుకకు కారణం ఆ సందే.

గుండ్లకమ్మ నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, కొండలు దిగి, ఈ లోయ మీదుగా ఈశాన్యానికి సాగి, తరువాత మళ్లీ తిరిగి ఒంగోలు వైపు వెళ్లి బంగాళాఖాతంలో కలుస్తుంది. కంభం దగ్గర దానికి జంపలేరు తోడవుతుంది. రెండూ ఏడాది పొడవునా పారేవి కావు. కొండల మీద గట్టి వాన పడితే ఒక్కసారిగా పొంగుతాయి, కొద్ది రోజులకే ఇసుక తేలుతుంది. నైరుతి మేఘాలు మోసుకొచ్చే నీటిలో చాలా భాగం నల్లమల పడమటి వాలు మీదే కురిసిపోతుంది కాబట్టి లోయకు దక్కేది తక్కువ. వచ్చిన నీటిని వచ్చినప్పుడే పట్టి ఆపకపోతే ఇక్కడ వరి పండే మాటే లేదు.

చెరువు ఎవరు కట్టించారు

చెరువు విజయనగర కాలపు నిర్మాణమన్నది అందరూ ఒప్పుకునే మాట. కట్టించింది వరదరాజమ్మ అనే రాణి అని స్థానికంగా బలంగా నమ్ముతారు. ఆమెను రుచిదేవి అని కూడా అంటారు. కళింగ యుద్ధం తరువాత ప్రతాపరుద్ర గజపతి తన కుమార్తెను శ్రీకృష్ణదేవరాయలకు ఇచ్చి పెళ్లి చేశాడు. భర్త ఆదరణకు దూరమైన ఆ గజపతి కుమార్తె కంభంలో ఒంటరిగా కాలం గడిపిందని, చెరువు ఆమె కట్టించిందేనని మరో గాథ. తుక్కాదేవిగా పేరుపడిన ఆమె తన వేదనను ‘తుక్కా పంచకం’ అనే అయిదు సంస్కృత శ్లోకాల్లో చెప్పుకున్నదని ప్రతీతి. పేర్లు మారినా అన్ని కథల్లోనూ కట్టించినది ఒక స్త్రీయే. ఆ జ్ఞాపకాన్ని ఊరు ఇన్ని తరాలు నిలుపుకోవడం గౌరవించదగిన విషయం.

కట్టినవారి నైపుణ్యాన్ని అర్థం చేసుకోవడానికి కథలకంటే మంచి ఆధారం మరొకటి ఉంది. కంభానికి దక్షిణంగా, కడప జిల్లాలోని పోరుమామిళ్లలో మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన చెరువు దగ్గర 1369 నాటి శాసనం నిలిచి ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను అది లెక్కగట్టి చెబుతుంది. తియ్యని నీటి నది, నీటిని ఆనుకుని కొండలు, ఆ కొండల నడుమ మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, లోతైన విశాలమైన గర్భం, దగ్గర్లోనే రాతి గని, కింద సారవంతమైన పల్లపు పొలాలు, పని తెలిసిన కూలీలు ఆ అంగాల్లో ఉన్నాయి. ఆ చెరువుకు వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల కాలం పట్టినట్లు కూడా శాసనంలో ఉంది. అదే కొండల అంచున, అదే విద్యను తెలిసినవారు కంభం చోటును ఎంచుకున్నారు. గుట్టకూ గుట్టకూ మధ్య సందును మూసే చిన్న కట్ట, వెనుక కిలోమీటర్ల కొద్దీ నీరు: తక్కువ పనితో ఎక్కువ ఫలం దక్కే చోటును వెతికి పట్టుకోవడమే ఇక్కడి అసలు ప్రతిభ. బ్రిటిషు కాలపు గెజిటీరు కట్ట ఎత్తును 57 అడుగులుగా, నీరు వచ్చి చేరే పరీవాహక ప్రాంతాన్ని 430 చదరపు మైళ్లుగా నమోదు చేసింది. చెరువులు, కాలువలు తవ్విస్తే చిన్న రాజ్యమైనా వృద్ధిలోకి వస్తుందని ‘ఆముక్తమాల్యద’ రాజనీతి భాగంలో రాయలు చెప్పిన మాటకు ఇంతకంటే మంచి రుజువు అక్కర్లేదు.

మారిన ఏలుబడులు

విజయనగరం తరువాత ఈ లోయ గోల్కొండ సుల్తానుల, కడప నవాబుల చేతుల్లోకి, కొంతకాలం మైసూరు ఏలుబడిలోకి, 1792 శ్రీరంగపట్నం సంధితో నిజాముకు వెళ్లింది. ఆ కాలపు గుర్తుగా ఊళ్లో నేటికీ తెలుగుతో పాటు ఉర్దూ వినిపిస్తుంది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన సీమలో కంభం కూడా ఉంది. మొదట కడప జిల్లాలో ఉండి, 1858లో కర్నూలు జిల్లాలోకి మారింది, తాలూకా కేంద్రంగా పేరు తెచ్చుకుంది. 1970లో కర్నూలు, గుంటూరు, నెల్లూరు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులు పేరు పెట్టారు. కంభం పేరిట ఉన్న శాసనసభ నియోజకవర్గం పునర్విభజనలో రద్దయి, 2009 ఎన్నికల నుంచి మండలం గిద్దలూరు నియోజకవర్గంలో కలిసింది.

19వ శతాబ్దం చివర సదరన్ మరాఠా రైల్వే నల్లమలను దాటించి వేసిన మీటరుగేజి దారి కంభాన్ని ఒకవైపు బెజవాడకు, మరోవైపు గుంతకల్లుకు కలిపింది. 1990లలో అది బ్రాడ్‌గేజి అయింది. రోడ్డున వెళ్లేవారికి అనంతపురం–గుంటూరు జాతీయ రహదారి కంభం మీదుగానే పోతుంది.

చెరువు కింది బతుకు

గెజిటీరు లెక్క ప్రకారం ఒకప్పుడు ఈ చెరువు కింద సుమారు 10,300 ఎకరాలు సాగయ్యేవి. తూముల నుంచి కాలువల్లోకి, కాలువల నుంచి మడుల్లోకి నీరు పారే మాగాణి ఒకవైపు, కంది, పత్తి వేసుకుని వాన కోసం ఆకాశం చూసే మెట్ట మరోవైపు. ఈ రెండు బతుకుల మధ్య తేడా ఈ మండలంలో కంటికి కనబడుతుంది. చెరువు మేలు ఆయకట్టు దగ్గరే ఆగిపోదు. నీరు నిలిచిన ఏడు చుట్టుపక్కల బావుల్లో, బోర్లలో ఊట పెరుగుతుంది. భూగర్భ జలాల్లో ఫ్లోరైడుతో బాధపడుతున్న పశ్చిమ ప్రకాశంలో, ఊరికి దగ్గరగా నిలిచిన వాననీటి విలువ ఎకరాల్లో కొలిచేది కాదు.

పాతకాలంలో రాయలసీమ చెరువుల మరమ్మతుకు దశబంధం ఇనాములు ఉండేవి. చెరువు తవ్వించినవారికో, కట్టను కాపాడేవారికో భూమి ఇచ్చి, ఆ ఫలసాయంతో పని నడిపించే ఏర్పాటు అది. కంపెనీ పాలనలో, ఆ తరువాత చెరువులు సర్కారు శాఖల కిందికి పోవడంతో ఆ బాధ్యత రైతుల చేతుల్లోంచి జారింది. కట్ట అయిదు వందల ఏళ్లు నిలిచింది గానీ, కట్ట వెనుక పూడిక ఏటా పేరుకుంటూనే వచ్చింది. చెరువు సామర్థ్యం సుమారు 3 టీఎంసీలని చెబుతారు. వరుసగా కరువులు వచ్చిన ఏళ్లలో మాత్రం పశువులు మేసే బీడుగా మారిన రోజులూ ఉన్నాయి.

వెలిగొండ ప్రాజెక్టు ఈ లోయకు కృష్ణా నీటిని తేవడానికి ఉద్దేశించినది. మార్కాపురం ప్రాంత కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు దానికి పెట్టారు. శ్రీశైలం జలాశయం వెనుక నీటిని కొల్లంవాగు దగ్గర తీసుకుని, నల్లమల కింద తవ్విన రెండు సొరంగాల గుండా ఇవతలికి రప్పించి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల సందులను మూసి కట్టిన నల్లమల సాగర్‌లో నింపాలన్నది దాని రూపం. కొండ సందును మూసి నీరు నిలపడమనే కంభం ఉపాయాన్నే నేటి ఇంజినీర్లు మరింత పెద్ద ఎత్తున ఇక్కడికి దగ్గర్లోనే మళ్లీ వాడారు. పాతవారి ఎంపిక ఎంత సరైనదో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

2020లో అంతర్జాతీయ సాగునీరు, మురుగునీటి పారుదల కమిషన్ కంభం చెరువును ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. అదే ఏడు పోరుమామిళ్ల చెరువు, కర్నూలు–కడప కాలువ కూడా ఆ జాబితాలో చేరాయి. ఈ గౌరవం కంభానికి ఆలస్యంగానే వచ్చింది. పోరుమామిళ్ల శాసనం చెప్పిన ఆరు దోషాల్లో ఒకటి, సాగు చేయవలసిన నేల ఎక్కువై చేరే నీరు తక్కువ కావడం. కట్టినప్పుడు కంభానికి ఆ దోషం లేదు. ఇకముందు రాకుండా చూడాలంటే కట్ట మీద శిలాఫలకాలకు, పడవ షికార్లకు ముందు గుండ్లకమ్మ, జంపలేరు పైభాగపు వాగులు మూసుకుపోకుండా కాపాడాలి, పూడిక తీయాలి, తీసిన ఒండ్రును రైతుల పొలాలకు చేర్చాలి.