ఈత పందెములు – బాహుబలము

గజ యీతగాడనగానే కండలు తిరిగిన భుజములు, విశాలమైన వక్షము మన మనస్సున మెదలును. కాని ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున పాశ్చాత్య శిక్షకు లనేకులు బరువులెత్తుట ఈతకు చేటని నమ్మిరి. కండలు బిగిసి, కీళ్లు మందగించి, బార కురుచయగునని వారి భయము. ఎందరో యువకులు ఈ భయముచేతనే వ్యాయామశాల గడప త్రొక్కలేదు.

1896లో ఏథెన్సు ఒలింపిక్ క్రీడలలో ఈత పందెములు చల్లని సముద్రజలములలో జరిగెను. నూరు మీటర్లను హంగేరీ యువకుడు ఆల్ఫ్రెడ్ హాయోష్ 1 నిమిషము 22.2 సెకండ్లలో ఈది గెలిచెను. 1922లో అమెరికాలో జానీ వైస్‌ముల్లర్ ఆ దూరమును 58.6 సెకండ్లలో ముగించి, నిమిషపు హద్దును తొలిసారిగ దాటెను. ఈ నడుమ క్రాల్ ఈత వ్యాపించెను. కనుక ఇందు నేర్పు పాలు మెండు.

మరి బలము మాటయేమి? యేల్ విశ్వవిద్యాలయ శిక్షకుడు రాబర్ట్ కిఫుత్ తన శిష్యులచేత గట్టుపైననే కసరత్తు చేయించెను. కప్పీలమీదుగ బరువులు లాగించెను. పిదప ఇండియానా విశ్వవిద్యాలయమున జేమ్స్ కౌన్సిల్‌మన్ బలసాధనతోపాటు, నీటిలోపల చిత్రములు తీసి బారను పరీక్షించెను. ఆయన శిష్యుడు జిమ్ మాంట్‌గోమరీ 1976లో మాంట్రియల్ నగరమున నూరు మీటర్లను 49.99 సెకండ్లలో ఈదెను. ఏబది సెకండ్లలోపు ఈదినవారిలో అతడే ప్రథముడు.

ఎంత బరువును లాగగలమనునది బలము. దానిని ఎంత త్వరగ లాగగలమనునది సామర్థ్యము. 1982లో అమెరికాలోని బాల్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, బల్లపై పరుండి బారవలె త్రాడు లాగునప్పటి చేతుల సామర్థ్యమును కొలిచిరి. దానికిని 25 గజముల ఈత వేగమునకును గాఢసంబంధము కనబడెను. దూరము పెరిగినకొలది అది కొంత సడలెను. పాత భయము ఇట్లు తొలగెను.

అయినను నీటి న్యాయము కఠినమైనది. నీటి నిరోధము స్థూలముగ వేగపు వర్గమును బట్టియు, దానిని జయించు సామర్థ్యము ఘనమును బట్టియు పెరుగును. వేగము పదవవంతు హెచ్చవలెనన్న సామర్థ్యము ఇంచుమించు మూడవవంతు హెచ్చవలెను. అందుచేత దేహమును నీటిలో తిన్నగ నిలుపలేనివాని బలము నురుగుగా మారిపోవును. కండను పెంచుకొనుట తప్పు కాదు. పెంచిన కండకు నీటిని పట్టుట నేర్పకుండుటయే తప్పు.