ముక్కు వెనుక దాగిన కండ

నోరు తెరచుకొని నిద్రించు బిడ్డను, పిలిచినను పలుకని బిడ్డను, ముక్కు మూసికొనినట్లు మాటలాడు బిడ్డను చూచి, మందబుద్ధి యని పెద్దలు విసుగుకొనుట అన్ని దేశములందును ఉన్నదే. అట్టి బిడ్డలలో పెక్కురు మందులు కారనియు, వారి ముక్కు వెనుక ఊపిరిదారికి అడ్డుగా ఒక మెత్తని కండ పెరిగియున్నదనియు వైద్యలోకము గ్రహించి నూటయేబది యేండ్లు దాటినవి. అంతకు పూర్వము వైద్యునికి ముక్కు యొక్క ముందు వాకిలి మాత్రమే తెలిసియుండెను. వెనుక వాకిలి చీకటిలోనే ఉండెను.

ముందు వాకిలిలో కనబడు కండలు పురాతన కాలమునుండియు తెలిసినవే. సుశ్రుతసంహిత ముక్కునకు వచ్చు వ్యాధులను 31గా లెక్కించి, వానిలో నాసార్శస్సులను, అర్బుదములను చేర్చినది. అర్శస్సులకు ఔషధము, క్షారము, అగ్ని, శస్త్రము అను నాలుగు ఉపాయములను ఆ గ్రంథము చెప్పుచున్నది. గ్రీసు దేశమున హిపోక్రటీస్ పేర వెలసిన గ్రంథములలో మరియొక పద్ధతి కలదు. సముద్రపు స్పంజి ముక్కకు దారములు కట్టి, వానిని ముక్కు గుండా నోటిలోనికి తీసి, బలముగా లాగినచో కండ ఊడివచ్చును. పెక్కు పాదములు గల సముద్రజంతువు పేరే ఆ కండకు పెట్టి గ్రీకులు దానిని పాలిప్ అనిరి. నేటికిని వైద్యులు వాడు పేరు అదియే.

వెనుక వాకిలి తెరచుటకు దారి చూపినవాడు వైద్యుడు కాడు, సంగీతాచార్యుడు. మాన్యుయెల్ గార్షియా 1854లో చిన్న అద్దమును గొంతులో నిలిపి, సూర్యకాంతి సాయమున తన స్వరతంత్రులను తానే చూచుకొనెను. కొలది యేండ్లకే చెర్మాక్ అను శాస్త్రజ్ఞుడు ఆ అద్దమును పైకి త్రిప్పి, కొండనాలుక వెనుకగా ముక్కు లోతట్టును చూచు విధమును తెలిపెను. కాని గొంతులో అద్దము పెట్టినచో ఏ పసిబిడ్డ ఊరకుండును?

ఆ చిక్కు విప్పినవాడు కోపెన్‌హేగన్ నగరపు చెవి వైద్యుడు విల్‌హెల్మ్ మేయర్. చెవుడును, మూసికొనిపోయిన ముక్కును, స్పష్టత లేని మాటయు గల ఒక యువతి ఆయనకడకు వచ్చెను. ఆయన వ్రేలిని నోటి గుండా కొండనాలుక వెనుకకు పోనిచ్చి తడవి చూడగా, అచ్చట మెత్తని కండ గుత్తిగా తగిలెను. అట్లే పలువురు పిల్లలను పరీక్షించి, చెవిని గొంతుతో కలుపు సన్నని నాళము ఈ కండవలన మూసికొనుటయే వారి చెవుడునకు కారణమని ఆయన నిశ్చయించెను. 1868లో ఈ సంగతిని ప్రకటించి, ఆ కండలకు అడినాయిడ్ అను పేరు పెట్టెను. చిన్న వలయాకారపు కత్తిని ముక్కు గుండా పంపి, నోటిలోని వ్రేలితో దారి చూపుచు వానిని గీకివేయు పద్ధతిని కూడ ఆయనయే కనుగొనెను. ఆయన 1895లో మరణింపగా, పలు దేశముల వైద్యులు విరాళములిచ్చి కోపెన్‌హేగన్‌లో స్మారకచిహ్నము నిలిపిరి.

మంచి విద్యకును తొందరపాటు తోడైనచో చిక్కులు కలుగును. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున అమెరికాలో బడిపిల్లలను వరుసగా పరీక్షించి, అడినాయిడ్లు తీయింపుడని తలిదండ్రులకు చీటీలు పంపసాగిరి. న్యూయార్కు తూర్పు పేటలలోని తల్లులు ఒక దినపు కూలి పోగొట్టుకొని ఆసుపత్రికి పోజాలరని, ఒక బడిలోనే వైద్యులచే శస్త్రచికిత్స చేయించిరి. 1906 జూన్‌లో బిడ్డల గొంతులు కోయుచున్నారను వదంతి పేటయంతయు వ్యాపించెను. వేలకొలది తల్లులు బడులను ముట్టడించి, తలుపులు బాది, రాళ్లు రువ్విరి. ఆ తల్లులలో అనేకులు రష్యాలోని యూదుల ఊచకోతలకు వెఱచి వలసవచ్చినవారు. ఆంగ్లమున వచ్చిన చీటీ వారికి అర్థము కాలేదు. చికిత్స సరియైనదే కావచ్చును. కాని ఏమి చేయబోవుచున్నారో తల్లికి ఆమె భాషలో చెప్పకుండ బిడ్డను తాకరాదను పాఠమును ఆ దినము నేర్పినది.

మన దేశమునకు సంబంధించిన వేరొక కండ కలదు. 1900లో బ్యూనస్ ఎయిరిస్‌లో గిల్యెర్మో సీబర్ ముక్కు కండలలో ఒక సూక్ష్మజీవిని వర్ణించెను. 1903లో కలకత్తాలో ఓకినీలీ అట్టి కేసునే ప్రకటించెను. రైనోస్పోరిడియోసిస్ అను ఈ వ్యాధి భారతదేశమునను, శ్రీలంకయందును ఎక్కువ. చెరువులలోను, గుంటలలోను స్నానము చేయువారికి ఇది తరచుగా వచ్చును. తెల్లని చుక్కలు గల ఎఱ్ఱని కండ తాకగనే రక్తము కారును. దీనిని మొదలంట తీసి, మొదలును కాల్చుట ముఖ్యము. లేకున్న మరల పెరుగును.

కండలన్నియు ఒక్కటి కావను జ్ఞానము క్రమముగా పెరిగినది. ఒకే ప్రక్క పెరిగి గొంతులోనికి వ్రేలాడు కండ దవడయెముకలోని గూటియందు పుట్టునని 1906లో జర్మను వైద్యుడు కిలియన్ చూపెను. పిల్లలలో రెండు ప్రక్కల పాలిప్‌లుండుట అరుదు. ఉన్నచో సిస్టిక్ ఫైబ్రోసిస్ అను పుట్టువ్యాధి కలదేమోయని చెమట పరీక్ష చేయుదురు. యౌవనమున అడుగిడు బాలునికి ముక్కు దిబ్బడతో మాటిమాటికి రక్తము కారినచో, అది రక్తనాళములు నిండిన కండ కావచ్చును. శిశువు ముక్కు నడుమ ఉబ్బు మెదడు పొరలతో సంబంధము గలది కావచ్చును. ఈ రెంటిని ముందుగా స్కానింగు చేయక గిల్లి చూచుట ప్రాణాపాయము. ఇవి కాక, ఒక ప్రక్కనే దుర్గంధముతో చీమిడి కారినచో, అది కండయే కాదు. బిడ్డ దోపుకొనిన బలపపు ముక్కయో, చింతగింజయో అయియుండును.

1960 ప్రాంతమున హెరాల్డ్ హాప్‌కిన్స్ నిర్మించిన కటకముల గొట్టముతో ముక్కు లోపలి చీకటి తొలగెను. నేడు సన్నని మెత్తని గొట్టముతో పసివారి ముక్కు వెనుక భాగమును కూడ చూడవచ్చును. 1976లో గిల్లెమినో మొదలగువారు నిద్రలో ఊపిరి ఆగిపోవు 8 మంది పిల్లలను గూర్చి వ్రాసిన పిమ్మట, గురకను వైద్యులు తేలికగా తీసికొనుట లేదు. అట్లని ప్రతి అడినాయిడ్‌కును కత్తి అక్కరలేదు. అది చిన్నతనమున పెరిగి, యౌవనమునాటికి తనంతట తానే కుంచించుకొనిపోవును. కొందరికి ముక్కులో చల్లు మందు చాలును. నిద్రలో ఊపిరి ఆగుచున్నను, చెవిలో నీరు నెలల తరబడి నిలిచి వినికిడి తగ్గినను శస్త్రచికిత్స తగును.

స్పంజి నాటినుండి నేటివరకు పనిముట్లు మారినవి. కాని మేయరు చేసిన మొదటి పని మారలేదు: వినని బిడ్డను తిట్టుటకు ముందు, ఏల వినుటలేదోయని పరీక్షించుట. తరగతిలో వెనుకబడిన బిడ్డ రాత్రి ఎట్లు నిద్రించుచున్నాడో తల్లి ఒకమారు గమనించినచో, వైద్యుని పని సగము తీరినట్లే.