నల్లా నీళ్లకు అలవాటుపడ్డ అమెజాన్ చేప

నాంపల్లి, చేప. ఈ రెండు మాటలూ కలిపి అంటే హైదరాబాదు జనానికి మృగశిర కార్తె గుర్తొస్తుంది. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బారులు తీరిన ఉబ్బసం రోగులు, మందుతో సహా గొంతు దిగే కొర్రమీను పిల్ల. ఆ మందు పనిచేస్తుందా లేదా అన్న తగవు అటుంచి ఆ చేప గుణం చూడండి. కొర్రమీను తన పిల్లల గుంపును వదలకుండా కాపలా కాస్తుంది. అక్కడికి కూతవేటు దూరంలో, అబిడ్స్ అపార్ట్‌మెంట్ల అద్దాల తొట్లలో తిరిగే ఏంజెల్, డిస్కస్, ఆస్కార్‌లదీ అదే గుణం. ఇవి సిక్లిడ్ కుటుంబపు చేపలు, పుట్టిల్లు దక్షిణ అమెరికా.

సిక్లిడ్లు మనకు మరీ పరాయివేం కావు. మలయాళీలు కరిమీన్ అని మురిసిపోయే చేప ఆ కుటుంబానిదే, మన కోస్తాలోనూ దొరుకుతుంది. 1952లో దేశానికి తెచ్చిన తిలాపియా ఆఫ్రికా సిక్లిడ్. కాకపోతే వాటి దారి కూరకుండలోకి, వీటి దారి హాల్లోకి.

యూరప్ పండితులు వీటిని మొదట చచ్చిన రూపంలోనే చూశారు. 1823లో బెర్లిన్‌లో ఏంజెల్‌కు పేరు పెట్టినప్పుడు దాన్ని సముద్రపు చేపల్లో కలిపేశారు. 1831లో ఆస్కార్ విషయంలో పేరుమోసిన చేపల శాస్త్రవేత్త లూయీ అగాసీ అంతటివాడూ అదే పని చేశాడు. నమూనాలు సేకరించే యోహాన్ నాటరర్ 1817 నుంచి 1835 దాకా బ్రెజిల్ అడవుల్లో తిరిగి వియన్నాకు చేర్చిన సరుకులోంచి అక్కడి పండితుడు హెకెల్ 1840లో డిస్కస్‌ను బయటికి తీశాడు. ప్రాణమున్న ఏంజెల్ జర్మనీ చేరేసరికి 1910 ప్రాంతం.

ఏంజెల్ తొందరగానే మచ్చికైంది. డిస్కస్ ఏడిపించింది. పెద్దవి తినేస్తాయేమోనని పిల్లల్ని వేరే తొట్టిలో వేస్తే అవి చచ్చేవి. పుట్టిన పిల్లలు తల్లీతండ్రీ ఒంటిమీద ఊరే జిగురును తిని బతుకుతాయని శాస్త్రవేత్త హిల్డెమాన్ 1959లో రాశాడు. ఆ రెండింటినీ పిల్లల దగ్గర ఉండనివ్వడమే కిటుకు.

ఇప్పుడు మన దుకాణాల్లోని ఏంజెల్ తాతముత్తాతలు కూడా అమెజాన్‌ను చూసి ఉండవు. మన దేశంలో ఇలాంటి తొట్టి చేపల పెంపకానికి చెన్నైలోని కొళత్తూరు పేరుమోసిన చోటు. అలాగని నీటి బాధ తీరిపోలేదు. డిస్కస్ ఈదిన రియో నీగ్రో నీరు టీ డికాక్షన్ రంగులో, ఉప్పూ సున్నమూ దాదాపు లేకుండా ఉంటుంది. మన హైదరాబాదుదేమో గ్రానైట్ రాతి నేల; బోరు నీళ్లు పోస్తే బకెట్‌కు తెల్లటి చార కడుతుంది. ఆ నీళ్లలో డిస్కస్ గుడ్లు చాలామటుకు తెల్లబడి పోతాయి. అందుకే దాన్ని పెంచేవాళ్లు ఆర్వో నీళ్లు కలిపి, నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ ముంచి చూసుకుంటారు. ఏంజెల్‌కు అంత పట్టింపు లేదు. క్లోరిన్ పోయేదాకా నల్లా నీళ్లు డ్రమ్ములో నిలవుంచితే సర్దుకుపోతుంది.

దానికి పట్టింపల్లా జోడీ విషయంలోనే. చూసి ఆడో మగో చెప్పడం కష్టం కనుక ఆరేడు పిల్లల్ని తెచ్చి కలిపి పెంచుతారు. సంబంధం అవే కుదుర్చుకోవాలి, మనం చూసి చేసింది నిలవదు. జోడీ కుదిరాక నిలువుగా ఉన్న పలకనో పీవీసీ గొట్టాన్నో ఎంచుకుని రెండూ నోటితో పొడిచి పొడిచి శుభ్రం చేస్తాయి. ఆడది కిందినుంచి పైకి పాకుతూ గుడ్లు వరుసగా అంటిస్తుంది, వెనకే మగది. 28 డిగ్రీల్లో రెండున్నర రోజులకు గుడ్లు పగులుతాయి. పిల్లలు ఇంకో నాలుగైదు రోజులు గొట్టానికి అంటుకుని తోకలాడిస్తూ ఉంటాయి. జారిన పిల్లను పెద్దది నోట కరుచుకుని మళ్లీ అతికిస్తుంది. ఈదడం మొదలెట్టాక అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి బుల్లి రొయ్య) పిల్లల్ని మేతగా వేయాలి.

ఇక్కడే వ్యాపారం అడ్డొచ్చింది. హేచరీల్లో గుడ్లున్న పలకను తీసేసి, బూజు పట్టకుండా మిథిలీన్ బ్లూ మందు కలిపిన నీళ్లలో విడిగా పొదిగిస్తారు. తరతరాలుగా ఇలా జరగబట్టే ఏంజెల్‌లు పిల్లల్ని కాయడం మరిచి గుడ్లు మింగేస్తున్నాయని పాత పెంపకందార్లు గొణుగుతారు. అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చినా, తొట్టిమీద పిల్లాడు వేలితో కొట్టినా బెదిరి మింగేసేవీ ఉన్నాయి. ఓపికున్నవాళ్లు మాత్రం పలక తీయరు. రెండు మూడు విడతలు పోయినా జోడీని కదపకుండా, రాత్రిపూట చిన్న బల్బు వెలిగించి ఉంచి, తర్వాతి విడత కోసం చూస్తారు.