బల్ల మీద సుద్దముక్క రాత

రొట్టె ఇస్తూ క్రీస్తు ‘ఇది నా శరీరము’ అన్న మాటను ఉన్నదున్నట్టు తీసుకోవాలా, గుర్తుగా భావించాలా? 1529లో ఒక కొండకోటలో ముఖాముఖి సాగిన ఆ వాదం లూథరన్ సంఘాలను నాలుగు శతాబ్దాలకు పైగా వెంటాడింది.

1529 అక్టోబరు 2, శనివారం. ఉదయం 6 గంటలు. జర్మనీలో లాన్ నది ఒడ్డున మార్‌బుర్గ్ కొండకోట. చర్చ మొదలవుతూనే మార్టిన్ లూథర్ సుద్దముక్క తీసుకుని తన ముందున్న బల్ల మీద నాలుగు లాటిన్ మాటలు రాశాడు: ‘హోక్ ఎస్ట్ కోర్పుస్ మెయుమ్’. ఇది నా శరీరము. రాసి, దాని మీద మఖమల్ గుడ్డ కప్పాడు. ఎదురుగా కూర్చున్నవాడు జ్యూరిక్ సంస్కర్త ఉల్రిచ్ జ్వింగ్లీ. ఇద్దరికీ వయసు 45. వాళ్లిద్దరూ ఒకచోట కలవడం అదే మొదలు, అదే చివర.

వాళ్లను పిలిపించినవాడు హెస్సే పాలకుడు ఫిలిప్. అప్పటికి అతనికి పాతికేళ్లు కూడా నిండలేదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో స్పయర్ సభలో చక్రవర్తి పక్షం సంస్కరణలకు అడ్డుకట్ట వేయబోతే కొందరు రాజులు, 14 నగరాలు నిరసన పత్రం ఇచ్చాయి. ‘ప్రొటెస్టెంట్’ అన్న పేరు అప్పటిదే. అయిదో చార్లెస్ చక్రవర్తి సైన్యంతో వస్తే నిలబడాలంటే జర్మన్లు, స్విస్‌వాళ్లు ఒక్కటి కావాలి. వాళ్లు ఒక్కటి కావాలంటే ప్రభు రాత్రి భోజనం మీద కొన్నేళ్లుగా సాగుతున్న పుస్తకాల యుద్ధం ఆగాలి.

ఒక్క క్రియాపదం

రొట్టె విషయంలో ఇద్దరూ రోమన్ కాథలిక్ బోధను కాదన్నవాళ్లే. గురువు మంత్రించగానే రొట్టె తత్వం మారిపోయి పైరూపం మాత్రమే మిగులుతుందన్న సిద్ధాంతాన్ని లూథర్ 1520లోనే తోసిపుచ్చాడు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుమును ఉదాహరణ చెప్పాడు. అందులో ఇనుమూ ఉంది, నిప్పూ ఉంది. ఒకదాని కోసం మరొకటి పోనక్కర్లేదు. అలాగే రొట్టె రొట్టెగానే ఉంటుంది, క్రీస్తు శరీరమూ అక్కడ ఉంటుంది.

జ్వింగ్లీ వేరే దారి పట్టాడు. హూన్ అనే డచ్ న్యాయవాది రాసిన లేఖ ఒకటి అతని చేతికి వచ్చింది. వరుడు వధువుకు ఉంగరం ఇచ్చి తన మాటకు పూచీ పెట్టినట్టే క్రీస్తు రొట్టె ఇచ్చాడని ఆ లేఖ సారాంశం. ‘ఎస్ట్’ అంటే ‘అయి ఉంది’ అని కాదు, ‘సూచిస్తోంది’ అని అర్థం చెప్పుకోవాలని జ్వింగ్లీకి దాంతో తేటపడింది. క్రీస్తు తనను ద్రాక్షావల్లి అన్నాడు, ద్వారం అన్నాడు. అక్కడ ఎవరూ తీగనో తలుపునో చూడరు కదా అన్నాడు. బాసెల్ సంస్కర్త ఓకోలాంపాడియస్ అలంకారం ‘శరీరం’ అన్న మాటలో ఉందన్నాడు. అంతకుముందు కార్ల్‌స్టాట్ అనే పండితుడైతే, ‘ఇది’ అంటూ క్రీస్తు రొట్టెను కాదు, తన దేహాన్నే చూపించుకున్నాడని వాదించాడు. నాలుగు మాటల వాక్యంలో అలంకారం ఏ మాటలో ఉందో మీలో మీకే పొత్తు కుదరలేదని లూథర్ ఎత్తిపొడిచాడు.

ఈ వాదాన్ని విశ్వాసికీ హేతువాదికీ మధ్య తగాదాగా చెప్పడం చాలామందికి అలవాటు. అది సరికాదు. ఇద్దరూ గ్రంథాన్ని తలమీద పెట్టుకున్నవాళ్లే. సృష్టించిన వస్తువుకు మొక్కే అలవాటు మళ్లీ రాకూడదన్నది జ్వింగ్లీ భయం. పరలోకానికి వెళ్లిన శరీరం ఒకేసారి పదిచోట్ల ఉంటే అది మనిషి శరీరం ఎలా అవుతుందని అతని ప్రశ్న. లూథర్ భయం వేరు. తన విశ్వాసం చాలదేమోనని వణికే మనిషికి ధైర్యం అతని మనసులోంచి రాదు, బయటి నుంచి రావాలి. ‘మీ కొరకు’ అని చెప్పి చేతిలో పెట్టిన రొట్టె అలాంటి ధైర్యం. అది వట్టి గుర్తే అయితే, దానికి అర్థం కల్పించుకునే భారం మళ్లీ ఆ వణికే మనసు మీదే పడుతుంది.

ముఖ్యార్థానికి బాధ ఎక్కడ?

మన అలంకారశాస్త్రం రుచి తెలిసినవారికి ఈ పేచీ కొత్తగా అనిపించదు. ‘గంగలో గొల్లపల్లె’ అన్న ఉదాహరణ ప్రసిద్ధం. నీటి ప్రవాహంలో పల్లె ఉండదు కాబట్టి ‘గంగ ఒడ్డున’ అని అర్థం చెప్పుకుంటాం. అయితే లక్షణ, అంటే ఇలా పక్క అర్థం చెప్పుకోవడం, ఊరికే రాదు. ముందు ముఖ్యార్థానికి బాధ కలగాలి, అంటే అది అక్కడ పొసగకపోవాలి. లూథర్ పట్టుబట్టింది సరిగ్గా ఇలాంటి నియమం కోసమే. యువ ఆచార్యుడిగా 1513లో కీర్తనల మీద పాఠాలు మొదలుపెట్టినప్పుడు అతనూ మధ్యయుగపు పద్ధతిలో ఒక్కో వాక్యానికి నాలుగు అర్థాలు తీసినవాడే. తర్వాత దాన్ని వదిలేశాడు. అలంకారం ఉండకూడదని అతను ఎన్నడూ అనలేదు. ఇక్కడ అలంకారమే అనడానికి సందర్భంలో ఆధారం చూపించమన్నాడు. ఇంకెక్కడో అలంకారం ఉంది కాబట్టి ఇక్కడా ఉందనడం చెల్లదన్నాడు.

జ్వింగ్లీ చూపిన ఆధారం యోహాను సువార్త ఆరో అధ్యాయం. మాంసం వల్ల ప్రయోజనం లేదని, ఆత్మే జీవమిస్తుందని అక్కడ క్రీస్తు అంటాడు. ఈ వాక్యం మీ మెడ విరుస్తుందని జ్వింగ్లీ అన్నాడు. ఇది స్విట్జర్లాండ్ కాదు, హెస్సే. ఇక్కడ మెడలు అంత తేలిగ్గా విరగవని లూథర్ మండిపడ్డాడు. అది మా వైపు నానుడి, వాదం ఓడిపోయారని చెప్పడానికి అలా అంటామని జ్వింగ్లీ సర్దిచెప్పాల్సి వచ్చింది. వాచ్యార్థమా, అలంకారమా అని తేల్చుకోవడానికి కూర్చున్న మహాపండితులు ఒక పలుకుబడి దగ్గరే తడబడ్డారు. మనసులో నమ్మకం లేనప్పుడు ఎదుటివాడి ఉపమానం కూడా బెదిరింపుగానే వినిపిస్తుంది.

వాదం వేడెక్కాక లూథర్ మఖమల్ గుడ్డ ఎత్తి సుద్దముక్క రాత చూపించాడు. ఇదే నా వాక్యం, దీన్ని మీరు ఇంకా నా నుంచి లాక్కోలేదన్నాడు. ఈలోగా పట్టణంలో చెమట జ్వరం పుట్టింది. సభ త్వరగా ముగించక తప్పలేదు. ఫిలిప్ కోరికపై లూథర్ 15 అంశాలు రాశాడు. 14 మీద అందరికీ ఒప్పుదల కుదిరింది. పదిహేనోదానిలో కూడా, రొట్టె, ద్రాక్షారసం రెండూ అందరికీ ఇవ్వాలన్న దానితో సహా, చాలా భాగం కలిసింది. శరీరం రొట్టెలో దేహరూపంగా ఉందా లేదా అన్న ఒక్కటే మిగిలిపోయింది. జ్వింగ్లీ కళ్లనీళ్లతో సోదరులుగా స్వీకరించమన్నాడు. శాంతి, ప్రేమ అన్నంతవరకే లూథర్ చెయ్యి చాచాడు. మరో రెండేళ్లకు, 1531 అక్టోబరు 11న, కాపెల్ యుద్ధభూమిలో జ్వింగ్లీ చనిపోయాడు.

సొంత ఇంట్లోనూ అదే గొడవ

లూథర్ పోయాక ఆ విభజన గీత లూథరన్ల మధ్యనే పడింది. లూథర్ సహచరుడు మెలాంక్‌థన్ మెత్తని మాటలు వాడాడు. అతని అల్లుడు, వైద్యుడు కాస్పర్ పొయిట్సర్ రహస్యంగా జెనీవా సంస్కర్త కాల్విన్ పక్షం వహించాడన్న నిందతో 1574లో సాక్సనీ జైలుకు వెళ్లి 12 ఏళ్లు అక్కడే మగ్గాడు. సరిగ్గా 400 ఏళ్లకు, 1974లో, ప్రశ్న వేరే వేషంలో అమెరికా వచ్చింది. ఆదాము, యోనా కథలను జరిగిన చరిత్రగానే చదవాలా అన్న వివాదంలో సెయింట్ లూయిస్‌లోని లూథరన్ల కాన్‌కార్డియా సెమినరీ చీలింది. 50 మంది బోధకుల్లో 45 మంది, విద్యార్థుల్లో ఎక్కువమంది బయటికి నడిచారు. లూథర్ అడిగిన ‘వాచ్యార్థం’, ఈ వివాదంలో అడిగిన ‘వాచ్యార్థం’ ఒకటి కావు. యాకోబు పత్రికను గడ్డితో పోల్చడానికి వెనుకాడని మనిషి లూథర్. గ్రంథం క్రీస్తును ఎలా అందిస్తోందన్నదే అతని గీటురాయి.

తెలుగులో లేని మాట

మార్‌బుర్గ్ సభ జరిగిన 1529లోనే లూథర్ సామాన్య కుటుంబాల కోసం ప్రశ్నలు, జవాబుల రూపంలో చిన్న ఉపదేశ పుస్తకం రాశాడు. మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్జ్ తెలుగు చేసిన ఆ పుస్తకం 1746లో జర్మనీలోని హాలె నగరంలో అచ్చయింది. మనకు తెలిసిన తొలి తెలుగు అచ్చుపుస్తకాల్లో అదొకటి. 1842లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన హేయర్ లూథరన్ మిషన్ పనికి పునాది వేశాడు.

తెలుగులో ‘ఇది నా శరీరము’ అన్నప్పుడు క్రియాపదం లేనే లేదు. అయి ఉంది, సూచిస్తోంది అని తగవు పడటానికి మన వాక్యంలో ‘ఎస్ట్’ అనే మాటే దొరకదు. యేసు మాట్లాడిన అరమాయిక్‌లోనూ ఇలాంటి వాక్యానికి ఆ క్రియ అక్కర్లేదు. అలాగని ప్రశ్న మాయం కాదు. మాట ఎంత బరువు మోస్తుందో చెప్పడానికి వ్యాకరణం ఒక్కటే చాలదని మాత్రం తెలుస్తుంది.

1973 మార్చిలో, ఓకోలాంపాడియస్ సేవచేసిన బాసెల్‌కు దగ్గరలోనే, లోయెన్‌బెర్గ్‌లో ఐరోపా లూథరన్, రిఫార్మ్‌డ్ సంఘాల ప్రతినిధులు ఒడంబడిక సిద్ధం చేశారు. పాత ఖండనలు నేటి బోధలకు వర్తించవని, ఇకపై ఒకరి బల్ల దగ్గర ఒకరు పాలు పంచుకోవచ్చని తేల్చారు. రొట్టె, ద్రాక్షారసంతో క్రీస్తు తననే ఇస్తాడన్నారు. ఎలా అన్నదాన్ని చీలికకు కారణం కానివ్వలేదు. ఆ దారి మార్‌బుర్గ్ కాగితంలో ముందే రాసి ఉంది. పదిహేనో అంశం చివర, ఒప్పుదల కుదరలేదన్న మాట వెంటనే, మనస్సాక్షి ఒప్పినంత మేరకు ఒకరినొకరు ప్రేమిస్తామని, సరైన అవగాహన కోసం దేవుణ్ని అడుగుతామని ఇరుపక్షాలూ సంతకం చేశాయి. ఆ వాక్యాన్ని మాత్రం వాచ్యార్థంలోనే తీసుకుని ఉండాల్సింది. తీసుకోవడానికి 444 ఏళ్లు పట్టింది.